పన్నెండు వోల్టుల నోరు

రూప్‌సింగ్‌కు మనుషులంటే లెక్క లేదు. రోజూ జనానికి ఏదో ఒకటి అంటగట్టే పనిలో ఉన్నవాడికి ఆ జనం మీద గౌరవం ఎట్లా మిగులుతుందని అతని వాదన. పాల్వంచ దాటాక అడవి మొదలయ్యే చోట అతని తండా. పని మైకు ప్రచారం. పాత మోటారుసైకిల్ వెనక ఇనుప చట్రం, చట్రానికి రెండు హారన్లు, ఒక చేతిలో హ్యాండిల్, ఒక చేతిలో మైకు. కొత్తగూడెం నుంచి గోదావరి ఒడ్డు దాకా ఏ సంతలో చూసినా అతనే కనిపించేవాడు. కనిపించే ముందు వినిపించేవాడు.

తెలుగులో అరిచేవాడు, లంబాడీలో అరిచేవాడు, కోయగూడేలకు పోతే కోయలోనూ అరిచేవాడు. చీరల కొట్టు, చికెన్ సెంటర్, ఇంగ్లీషు మీడియం బడి, పశువుల టీకాలు, ఎన్నికలు, ఏది ఇచ్చినా అరిచేవాడు. ఒక ఎన్నికల్లో పొద్దున ఒక అభ్యర్థికి, సాయంత్రం అతని మీద పోటీ చేసినవాడికి ప్రచారం చేశాడు. ఇదేమిటని అడిగితే, "ఇద్దరు ఒక్కటే మాటలు రాసిచ్చిండ్రు, పేరొక్కటి మారింది. నాకెందుకు సిగ్గు? వాళ్లకుండాలె" అన్నాడు. చీరల కొట్టువాడి గురించైతే అతని మాటలు అచ్చులో రాయదగ్గవి కావు. ఆ చీర ఒక్కసారి ఉతికితే బకెట్లో నీళ్లకు రంగొస్తుందని, అది మైకులో చెప్పకుండా ఉండటానికే తనకు కూలి ఇస్తున్నారని అందరి ముందూ అనేవాడు. అయినా మర్నాడు అదే చీర గురించి గొంతు చించుకునేవాడు.

అతని బండి గురించి చెప్పాలి. రెండు సైలెన్సర్లున్న పాతకాలపు బండి. కిక్కు రాడ్డూ గేరు రాడ్డూ ఒకటే. పైకి తిప్పి తొక్కితే స్టార్టవుతుంది, కిందికి దించితే గేరు పడుతుంది. బొగ్గు గనిలో పని చేసిన పెదనాన్న కొత్తది కొన్నాడు. ఆయన పోయాక రూప్‌సింగ్‌కు వచ్చింది. ఇంజను గట్టిది, వాగులో దిగినా బురదలో పడ్డా లేచి నడిచేది. కరెంటు వ్యవహారమే దరిద్రం. లోపలున్న డైనమో చేసేది ఆరు వోల్టులు. అదీ అరిగిన బొగ్గు బ్రష్‌ల మీద, ఇష్టమైతే చేసేది, లేకపోతే లేదు. హెడ్‌లైట్ వెలిగిందో లేదో చూడాలంటే చెయ్యి అడ్డం పెట్టి చూడాల్సి వచ్చేది.

మైకు ఆంప్లిఫయర్‌కు పన్నెండు వోల్టులు కావాలి. ఆరు వోల్టుల బండి దానికి పనికి రాదు. అందుకని రూప్‌సింగ్ వెనక చట్రంలో ఒక కారు బ్యాటరీ వేరుగా కట్టుకునేవాడు. రాత్రి ఇంట్లో చార్జింగ్ పెట్టడం, పొద్దున మోసుకుపోవడం. మధ్యాహ్నానికి దాని ప్రాణం పోయేది. ముందు గొంతు బొంగురుపోయేది, తరువాత ముక్కులోంచి వచ్చేది, ఆ తరువాత మాట మధ్యలో తెగిపోయేది. ఒకసారి ఒక అభ్యర్థి పక్కనే నిలబడి ఉండగా, "మీ అమూల్యమైన ఓటు వేసి ఈయనను..." అన్నచోట ఆగిపోయింది. జనం మిగతా వాక్యాన్ని తలా ఒక రకంగా పూర్తి చేశారు. బండి మోగుతూ వస్తే ఊళ్లలో ఆడవాళ్లు కూడా, "పగటిదాక ఓర్సుకో, అదే ఊకుంటది" అని నవ్వుకునేవారు.

అతను అది కూడా భరించాడు. భరించలేనిది ఆటోలు. మెమరీ కార్డులో ఎవరో అమ్మాయి గొంతు నింపుకుని, అదే మాట పొద్దంతా తిప్పి తిప్పి వినిపిస్తూ ఆటోలు దిగాయి. డ్రైవరు నోరు తెరవక్కర్లేదు. రూప్‌సింగ్ ఆ గొంతుకు 'సచ్చిన గొంతు' అని పేరు పెట్టాడు. పీనుగైనా ఊరి పేరు మార్చి చెబుతుందేమో గానీ ఇది చెప్పదు, పెనుబల్లిలో నిలబడి కుసుమంచి ప్రజలారా అంటుంది అని తిట్టేవాడు. చీరల కొట్టు యజమాని మాత్రం ఒకరోజు మొహం మీదే అన్నాడు.

"ఆటో పొద్దుమూకే దాక తిరుగుతది రూప్‌సింగ్. నీది పగటికే పడకేస్తది. నీకు సగం దినం కూలే ఇయ్యాలె ఇగ."

ఆ మాట అతనికి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. తను చీదరించుకునే మనిషి తనను చీదరించుకున్నాడు. కొట్టులోంచి బయటికి వచ్చి నేరుగా కొత్తగూడెం బస్టాండు వెనక ఉన్న మోటారు వైండింగ్ షాపుకు పోయాడు.

ఆ షాపు భానుది. బోరు మోటార్లు, పిండిమర మోటార్లు కాలిపోతే రాగితీగ కొత్తగా చుట్టి ఇచ్చే పని. మొగుడు పెట్టిన షాపు. అతను తాగుడుకు పడి షాపుకు రావడం మానేస్తే, తనే కూర్చుని తీగ చుట్టడం మొదలుపెట్టింది. మర్యాదగా మాట్లాడితే గిరాకీ బేరం మొదలుపెడుతుందని ఆమె నమ్మకం. అందుకని ఎవరితోనూ మర్యాదగా మాట్లాడేది కాదు. రూప్‌సింగ్ సహించే అతికొద్ది మందిలో ఆమె ఒకతె.

"ఏం కాకా, ఎందుకొచ్చినవ్? ఇంట్ల ఫ్యాన్ కాలిందా, నీ గొంతు కాలిందా?"

"బండి కరెంటు మార్చాలె. బండే మైకును నడపాలె. వెనకాల ఇంకో బ్యాటరీ మోసుడు నాతోటి కాదు."

ఆమె బండి పక్క మూత విప్పి డైనమో చూసింది. బొగ్గు బ్రష్‌లు వేలితో కదిపితే రాలిపోయాయి.

"దీన్ని బాగుచేసుడు దండగ. పీకేద్దాం. కొత్త బండ్లకొచ్చే ఆల్టర్నేటర్ పెడదాం. ఇంజన్ తోటి అయస్కాంతం తిరుగుతది, చుట్టూ కాయిల్ కదలకుంట ఉంటది, బ్రష్‌ల లొల్లే ఉండదు. కాయిల్ నేను లావు తీగ తోటి చుడత. దాన్ని నీ ఇంజన్‌కు కూసోబెట్టనీకి లేతు మీద ఒక ప్లేటు కోపియ్యాలె. బల్బులు, హారన్, ఇగ్నిషన్ కాయిల్ అన్నీ పన్నెండుకు మార్చాలె. ఇగ ఒక రెగ్యులేటర్ గావాలె."

"అదెందుకు?"

"ఇంజన్ ఎంత జోరుగ తిరిగితే అంత ఎక్కువ కరెంటొస్తది కాకా. దాన్ని పన్నెండు, పద్నాలుగు కాడ ఆపేటిది ఒకటుండాలె గద. లేకపోతే అన్నీ మాడుతయ్. నీ అసొంటోనికి పెళ్లామున్నట్టు."

ఆ మాటకు రూప్‌సింగ్ నవ్వాడు గానీ చెవికి ఎక్కించుకోలేదు. ప్లేటు తయారైంది. కాయిల్ చుట్టడమైంది. రెగ్యులేటర్ ఖమ్మం నుంచి రావడం ఆలస్యమైంది. ఆ ఆదివారం కొత్తగూడెంలో పాత మోటారుసైకిళ్ల ఊరేగింపు ఉంది, దానికి ముందు నడుస్తూ మైకులో చెప్పే పని అతనికి ఒప్పజెప్పారు. రెగ్యులేటర్ లేకుండా బండి కదిలించవద్దని భాను మొత్తుకుంది. ఇంత చిన్న డబ్బా లేకపోతే ఏం కొంప మునుగుతుందని రూప్‌సింగ్, కాయిల్ నుంచి వచ్చే తీగలకు కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడ్లు మాత్రం తగిలించుకుని, బ్యాటరీకి కలిపి బండి తీసుకుపోయాడు.

ఊరేగింపు పెట్టింది జయప్రకాశ్. పెనుబల్లి వైపు మామిడి తోటలూ పామాయిలు తోటలూ ఉన్న మనిషి. పాత బండ్లు సేకరించడం ఆయన వ్యసనం. సేకరించడమంటే కొనడం, తుడిపించడం, అద్దాల షెడ్డులో పెట్టడం. నడపడం లేదు. నడిపితే టైర్లు అరుగుతాయని ఆయన బాధ. ఆ రోజు ఊరేగింపుకు కూడా బండ్లన్నిటినీ డీసీఎం లారీలో ఎక్కించి తీసుకొచ్చి స్టేడియం దగ్గర దించారు. గోధుమరంగు ప్యాంటు, తోలు చేతితొడుగులు, మెడలో రుమాలుతో ఆయన ఎండలో నిలబడి ఆ బండ్లతోపాటు తనూ ఫోటోలు దిగాడు. రూప్‌సింగ్ బండి చూడగానే దగ్గరికి వచ్చాడు.

"ఏంటిది? ఒరిజినల్ డైనమో పీకేశావా?"

"అవ్ సార్. ముసల్ది, పని చేస్తలేదు."

"పని చేయడానికా అది? చరిత్రయ్యా! నట్టు మారినా దీని విలువ పోతుంది. నీలాంటి వాళ్ల చేతిలో పడి ఎన్ని మంచి బండ్లు నాశనమైపోయాయో!"

"నాది తిరిగే బండి సార్. మీ ఇంట్ల లెక్క పండుకునే బండి గాదు."

జయప్రకాశ్ మొహం మాడ్చుకున్నాడు. ఊరేగింపు కదిలింది. మెయిన్ రోడ్డు మీద ఖాళీ దొరకగానే రూప్‌సింగ్ కొత్త కరెంటు సత్తా చూపించాలని ఆక్సిలరేటర్ తిప్పాడు. మైకు గొంతు ఎన్నడూ లేనంత గట్టిగా లేచింది. అతనికి ఒళ్లు పులకరించింది. అంతలో హెడ్‌లైట్ బల్బు టప్పుమని పేలింది. ఆంప్లిఫయర్ లోంచి కమురు వాసన వచ్చింది. మైకు కుయ్యిమని ఒక్క కూత పెట్టి మూగబోయింది. బండి ఆపి చూస్తే బ్యాటరీ పొయ్యి మీద కుండలా కుతకుతమంటున్నది.

జయప్రకాశ్‌కు ఇంతకన్నా ఆనందం ఏముంటుంది? తన బండి ఆపి, పదిమందిని పిలిచి, ఆ బ్యాటరీ పక్కనే గొంతుకూర్చుని, పాతవాటిని చెడగొడితే ఏమవుతుందో ఉపన్యాసం ఎత్తుకున్నాడు. మధ్యలో బ్యాటరీ మూత ఎగిరి కొంత యాసిడ్ ఆయన ప్యాంటు మీద చిమ్మింది. నీళ్లే అనుకుని తుడుచుకుని ఉపన్యాసం సాగించాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఆయన మాటలు కాక ఆయన మోకాళ్లు చూడటం మొదలుపెట్టారు. ప్యాంటుకు కన్నాలు ఒక్కొక్కటే పడుతున్నాయి. ఎవరో బకెట్ నీళ్లు తెచ్చి కుమ్మరించేదాకా ఆయనకు సంగతి తెలియలేదు. చర్మానికి పెద్దగా ఏమీ కాలేదు గానీ, ఫోటోలు దిగడానికి వచ్చిన మనిషి తువ్వాలు చుట్టుకుని కారెక్కాల్సి వచ్చింది.

రూప్‌సింగ్ క్షమించమని అడగలేదు. సంచిలోంచి ఆ పాత డైనమో తీసి కారు కిటికీలోంచి ఆయన ఒళ్లో పెట్టాడు.

"చరిత్ర అన్నరు గద సార్. తీస్కపోండ్రి. అద్దాల పెట్టెల పెట్టుకోని దండం పెట్టుకోండ్రి."

వెటకారం అర్థం కాలేదో, అయినా వదులుకోలేకపోయాడో గాని జయప్రకాశ్ దాన్ని నిజంగానే తీసుకుపోయాడు.

కాలిన బండిని తోసుకుంటూ భాను దగ్గరికి పోతే ఆమె ముందు మాడిన తీగలన్నీ పీకి అతని కాళ్ల ముందు పడేసింది. ఆ తరువాత నోరు విప్పింది.

"మందికి చెవులు లేవు, చెప్పింది ఇనరు అని తిరుగుతవ్ గద కాకా. నీ చెవులేడ పెట్టినవ్?"

"అయిపోయింది గద. చెయ్యి ఇగ."

"చేత్త. ఈసారి నేను తీయమన్నప్పుడే తీయాలె బండి. లేకపోతే ఈడనే ఇప్పి పాత సామానోనికి ఏస్త."

రెగ్యులేటర్ వచ్చింది. సీటు కింద గాలి తగిలేచోట బిగించింది. కొత్త తీగలు, ఫ్యూజు, కొత్త బ్యాటరీ, కొత్త బల్బులు పెట్టింది. ఇంజను స్టార్టు చేసి మీటరు పెట్టి చూసింది. ఎంత రేజ్ చేసినా ముల్లు పద్నాలుగు దాటలేదు. లైటు పట్టపగలే కళ్లలో కొట్టింది. బాగుచేయించిన ఆంప్లిఫయర్ తగిలించి రూప్‌సింగ్ మైకు తీసుకుని ఊది, మొట్టమొదట ఆ వీధిలో ఉన్న చీరల కొట్టు వైపు తిరిగి ఒక బూతు మాట అన్నాడు. ఆ శబ్దానికి పైకప్పు రేకుల మీది పావురాలు లేచిపోయాయి. ఇంటికి పోయి చెబితే భార్య ద్వాలి చేటలో బియ్యం చెరుగుతూ తల కూడా ఎత్తలేదు.

"ఇన్నొద్దులు పగటికన్నా ఊకుంటుంటివి" అంది అంతే.

ఆ నాటి నుంచి అతను పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా అరిచాడు. చీరల కొట్టువాడు మళ్లీ పూర్తి కూలికి పిలిచాడు. 'ఇదే ఆఖరి రోజు, రేపు కొట్టు మూత' అని చెప్పమన్నాడు. రూప్‌సింగ్ మధ్యాహ్నం దాకా ఏటి ఒడ్డు ఊళ్లు, ఆ తరువాత కొత్తగూడెం వీధులు తిరిగి ఆఖరి రోజు అని చెప్పాడు. మరుసటి వారమూ ఆఖరి రోజే. ఆ మరుసటి వారమూ ఆఖరి రోజే. ఆ కొట్టు మూతపడలేదు. వాన మాత్రం ముదిరింది.

ఆ జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక దాటి ఇంకా పెరుగుతూనే ఉంది. ఏటి ఒడ్డు ఊళ్లకు కరెంటు పోయింది. సెల్ టవర్లు ఆగిపోయాయి. పంచాయతీ మైకు కరెంటు లేక మూగబోయింది. మండల ఆఫీసు వాళ్లు ఆటోలు పంపారు. ఆటోలు బురదలో దిగబడ్డాయి. దిగబడిన చోటే 'ప్రజలారా అప్రమత్తంగా ఉండండి' అని ఆ అమ్మాయి గొంతు కాసేపు పొలాలకు చెప్పి ఊరుకుంది. బూర్గంపాడు పక్కన కొత్తరేవు అనే ఊరికి చేరే దారి ఒక్క కాలువ గట్టే మిగిలింది. దాని మీద రెండు చక్రాల బండి తప్ప పోలేదు. రెవెన్యూ ఆఫీసులో ఎమ్మార్వో రూప్‌సింగ్‌ను పిలిచి, కాగితం ఒకటి చేతిలో పెట్టి, చదివి రమ్మన్నాడు. 'లోతట్టు ప్రాంత వాసులు తక్షణమే సురక్షిత ప్రాంతాలకు తరలి వెళ్లవలసిందిగా' అని మొదలవుతుంది ఆ కాగితం.

"ఇది చదివితే ముసలోళ్లు నిద్రపోతరు సార్" అని రూప్‌సింగ్ దాన్ని జేబులో కుక్కుకుని బయలుదేరాడు.

కొత్తరేవు చేరేసరికి మధ్యాహ్నం కావస్తోంది. వాన తెరిపిచ్చింది. ఊరి వెనక పత్తి చేలల్లోకి ఎర్రనీళ్లు మెల్లగా పాకుతున్నాయి. జనం అరుగుల మీద కూర్చుని చూస్తున్నారు. రూప్‌సింగ్ మైకు అందుకున్నాడు.

"గోదారి ఊర్లకొస్తున్నది! చీకటిపడేలోపు లేవాలె! ఆడోళ్లు, పిల్లలు, ముసలోళ్లు ముందుగాల కదలాలె! ఊరి బయట కాల్వ గట్టు దాటితే క్యాంపు కాడికి పోనీకి బస్సున్నది! ఎమ్మార్వో సారు గూడ క్యాంపులనే ఉంటడు!"

అరుగు మీద ఒకడు బీడీ వెలిగించుకున్నాడు. "ఇదే ఆఖరి రోజా రూప్‌సింగూ?" అన్నాడు. అందరూ నవ్వారు. ఇంకొకామె, "పోయిన వారం గూడ ఆఖరి రోజే అన్నవు గదా, ఇంకా చీరలు మిగిలినయ్యా?" అంది. ఇంకా నవ్వారు.

అతను మైకు కిందికి దించాడు. ఇన్నేళ్లూ తన గొంతును అద్దెకిచ్చాడు. ఇప్పుడు సొంతంగా ఒక నిజం చెప్పబోతే ఆ గొంతు తనదని ఎవరూ అనుకోవడం లేదు. సిగ్గేసిందా అంటే, ఆ తరువాత ఎన్నడూ ఒప్పుకోలేదు. కోపం మాత్రం వచ్చింది.

"మీకు సావాలని ఉంటే సావుండ్రి. పోరగాళ్లనన్నా పంపుండ్రి!"

"పున్నమ్మగారు కదిల్తే మేము కదుల్తాం" అన్నాడు బీడీ మనిషి.

పున్నమ్మ ఆ ఊరి పెద్ద రైతు. వాళ్ల మామగారి కాలంలో కోస్తా నుంచి వచ్చి పొగాకు వేసి, ఆ తరువాత పత్తి వేసి నిలబడ్డ కుటుంబం. భర్త లేడు. కూతురు దీపిక ఖమ్మంలో ఉంటుంది. వ్యవసాయం అంతా తనే చూసుకుంటుంది. మొండిమనిషి. ఆ ఊళ్లో మొదటి డాబా ఆమెది. రూప్‌సింగ్ గేటు ముందు బండి ఆపాడు. ఆమె పైనుంచే మాట్లాడింది.

"మా మామగారి నాటి వరదకి ఈ మెట్టు దాకే వచ్చాయి నీళ్లు. ఇప్పుడూ అంతే. గేదెల్ని, పత్తిని వదిలి ఎక్కడికి పోతాం? నువ్వు పోయి ఆ చీరలేవో అమ్ముకో."

"అమ్మా, అప్పటి లెక్క గాదు. భద్రాచలం కాడ కరకట్ట మీదికొచ్చింది. నేను కండ్లార చూసిన."

"చూశావులే. తండావాళ్లు చెబితే ఇళ్లు ఖాళీ చేసే కాలం వచ్చిందన్నమాట" అని ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ వెంటనే జీతగాడితో అన్న మాట రూప్‌సింగ్‌కు వినిపించింది. "ఎంతసేపులేరా! వాడి బ్యాటరీ అరగంటలో చస్తుంది. ఆ తరవాత వాడే పోతాడు."

ఆ మాటతో రూప్‌సింగ్ ఒక నిర్ణయానికి వచ్చాడు. కిక్కు కొట్టాడు. రెండు సైలెన్సర్లు పొగ చిమ్మాయి. పున్నమ్మ డాబా చుట్టూ బండి పట్టే దారి ఉంది. ఆ ఇంటి చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. తిరుగుతూ మైకులో మొదలుపెట్టాడు.

"కొత్తరేవు ప్రజలకు తెలియజేయునది! పున్నమ్మగారింటికి ఇయ్యాల గోదారమ్మ సుట్టంగ వస్తున్నది! మెట్ల కాడ ఆగుతనని పున్నమ్మగారికి మాటిచ్చిందట! బియ్యం బస్తాలు చేపలకు, పత్తి బస్తాలు మొసళ్లకు పరుపులకు! గేదెలకు ఈత వచ్చునా రాదా అన్నది పున్నమ్మగారే చెప్పాలె! డాబా మీద కుర్చీ వేసి తయారుగ ఉన్నరు, పడవ టికెట్టు లేదు!"

జనం మొదట నవ్వారు. పున్నమ్మ కూడా, చావనీ అన్నట్టు చెయ్యి ఊపింది. అతను తిరుగుతూనే ఉన్నాడు. గొంతు తగ్గలేదు. అరగంట గడిచింది, గంట గడిచింది. ఆమె మొండితనం గురించి, ఆమె తెలివి గురించి, ఆమె డాబా సిమెంటు గురించి, ఆమె మాట విని కూర్చున్న మగవాళ్ల మీసాల గురించి తెలుగులో చెప్పాడు, లంబాడీలో చెప్పాడు. ఊరి చివర కోయవాళ్ల ఇళ్లకు వినపడేలా కోయలో చెప్పాడు. ఆ ఇళ్లవాళ్లు ముందుగా మూటలు కట్టుకుని గట్టు పట్టారు. ఇంజను వేడెక్కితే కాసేపు ఆపేవాడు. బ్యాటరీ నిండుగా ఉంది కాబట్టి మైకు ఆగేది కాదు. మళ్లీ కిక్కు కొట్టేవాడు.

నవ్వులు ఆగిపోయాయి. ఎప్పుడూ మధ్యాహ్నానికి చచ్చే మైకు ఈసారి చావకపోవడం వాళ్లలో ఏదో భయం పుట్టించింది. అంతలో చేలల్లో నీళ్లు గడ్డివాములను తాకాయి. బీడీ మనిషి లేచి ఇంట్లోకి పోయి పిల్లను చంకనెత్తుకుని వచ్చాడు గానీ, పున్నమ్మ డాబా వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఆమె ఓర్పు చచ్చింది. చెప్పు తీసి విసిరింది. అది తగల్లేదు.

"ఒరేయ్! నీ మీద కేసు పెట్టకపోతే నా పేరు పున్నమ్మ కాదు! క్యాంపులో ఎమ్మార్వో ఉన్నాడన్నావుగా? ఇప్పుడే పోయి చెబుతా! నీ మైకు, నీ బండి రెండూ లాక్కునేలా చేస్తా!"

"ముందుగాల కదులమ్మా! నువ్వు క్యాంపుకు పోతవా! ట్రాక్టరెక్కే ధైర్యం ఉన్నదా!"

ఆమె జీతగాడిని అరిచి పిలిచింది. గేదెల పలుపులు కోయమంది. ట్రాక్టరు స్టార్టు చేయించింది. ట్రాలీలో కోపంగా ఎక్కి కూర్చుంది. ట్రాలీ గట్టు మీద పట్టదు కాబట్టి ఊరి చివర కాలువ దాకా ట్రాక్టరు, అక్కడి నుంచి నడక. చీర పైకి దోపుకుని తిట్టుకుంటూ బురదలో నడిచింది. ఆమె వెనక ఊరంతా కదిలింది. కేసు పెట్టడానికి పోతున్న ఒక్క మనిషి వెనక మిగతా అందరూ ప్రాణాలు దక్కించుకోవడానికి నడిచారు. రూప్‌సింగ్ అందరికన్నా వెనక బండి నెట్టుకుంటూ, నడవలేని ఒక ముసలామెను సీటు మీద కూర్చోబెట్టుకుని వచ్చాడు.

ఆ సాయంత్రమే కొత్తరేవు మునిగింది. పున్నమ్మ మామగారి మెట్టు, దాని పైన గడప, దాని పైన కిటికీలు అన్నీ నీళ్లలో పోయాయి.

అయినా ఆమె అన్నంత పనీ చేసింది. క్యాంపులో ఎమ్మార్వో ముందు నిలబడి ఫిర్యాదు చేసింది. మైకులో ఒక స్త్రీని అవమానించినందుకు ఆ అధికారి రూప్‌సింగ్‌ను పిలిచి మందలించాడు. ఇచ్చిన కాగితం చదవనందుకు ఇంకో మందలింపు. ఊరు ఖాళీ చేయించిన ఖ్యాతి మాత్రం పత్రికల్లో ఆ అధికారికే దక్కింది. రూప్‌సింగ్ ఆ పత్రిక ద్వాలికి చూపించి, "సూసినవా, ఈయన ఊర్లకే రాలేదు, ఫోటోల మాత్రం గొడుగు పట్టుకుండు" అన్నాడు. పున్నమ్మ తన కొట్టు ఖాతాదారని, ఆమెను రచ్చకీడ్చాడని చీరల కొట్టువాడు పని ఇవ్వడం మానేశాడు. రూప్‌సింగ్ చికెన్ సెంటర్‌కు అరిచాడు.

నీళ్లు తీశాక కొన్నాళ్లకు కొత్తరేవులో బ్లీచింగ్ పౌడరు, మందులు ఇచ్చే చోటు చెప్పడానికి మళ్లీ పోవాల్సి వచ్చింది. పున్నమ్మ ఇంటి ముందు నుంచి పోతుంటే ఆమె గేటు దగ్గర నిలబడి చెయ్యి అడ్డం పెట్టింది. మోకాళ్ల దాకా బురద. ఇంటి లోపల ఒండ్రు. గేదెల్లో ఒకటి దక్కలేదు.

"నీ బండి మీద ఫోను చార్జింగవుతుందా?"

"అయితది."

"సిగ్నల్ వచ్చింది గానీ కరెంటు ఇంకా రాలేదు. మా అమ్మాయితో మాట్లాడాలి" అని ఫోను అతని చేతికి ఇచ్చింది. అడిగినట్టు లేదు, పురమాయించినట్టు ఉంది.

భాను ఒక చిన్న చార్జింగ్ పాయింటు కూడా పెట్టి ఇచ్చింది అతనికి. ఫోను తగిలించి ఇంజను నడిపాడు. ఆమె ఒక కుర్చీ తెచ్చి తను కూర్చుంది. అతనికి వెయ్యలేదు. అతను అడగలేదు. కాసేపటికి ఫోను వెలిగింది. ఆమె తీగ పీకకుండానే, బండి పక్కనే నిలబడి కూతురికి ఫోను చేసింది.

"ఆఁ దీపికా, బాగానే ఉన్నానే... కింద గది మొత్తం పోయింది... ఫోనా? ఆ మైకువాడి బండి మీద పెట్టా... వాడేనే, ఊరంతా తిట్టి లేపినవాడు... ఏం మనిషోనే, నోరు తెరిస్తే కంపు... ఆఁ, లేకపోతే అందరం పోయేవాళ్లమే... అదేం లేదు, నేనెందుకు చెబుతానూ? వాడికసలే పొగరు, చెబితే ఇంక పట్టలేం..."

రూప్‌సింగ్ ఆక్సిలరేటర్ ఒక్కసారి గట్టిగా తిప్పాడు. సైలెన్సర్లు మోగాయి. పొగ ఆమె మీదికి పోయింది. ఆమె ముక్కు మూసుకుని, గొంతు పెంచి, మాట్లాడుతూనే ఉంది.